పై కోర్టుకు పోవచ్చు

అక్కలారా! పొలం దావాలో తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చిందనుకోండి. అంతటితో అయిపోలేదు. పై కోర్టుకు పోవచ్చు. దీన్నే అప్పీలు అంటారు.

కోర్టులు మెట్లలాగా ఉంటాయి. కింద మన దగ్గరి సివిల్ కోర్టు. ఆ పైన జిల్లా కోర్టు. దాని పైన హైకోర్టు. అన్నిటికీ పైన ఢిల్లీలో సుప్రీంకోర్టు. 2019 జనవరి 1 నుంచి తెలంగాణకు హైదరాబాదులో, ఆంధ్రప్రదేశ్‌కు అమరావతిలో వేరువేరు హైకోర్టులు ఉన్నాయి.

అప్పీలులో మామూలుగా సాక్షులను మళ్ళీ పిలవరు. కింది కోర్టు కాగితాలు చూస్తారు. వకీళ్ళ వాదన వింటారు. తీర్పును ఉంచవచ్చు, మార్చవచ్చు, కొట్టివేయవచ్చు. మళ్ళీ విచారించమని కిందికి పంపవచ్చు. అందుకే పట్టా, రసీదు, సాక్షులు అన్నీ మొదటి కోర్టులోనే చూపాలి.

గడువు మరవకండి. జిల్లా కోర్టుకైతే 30 రోజులు. హైకోర్టుకైతే 90 రోజులు. తీర్పు నకలుకు వెంటనే దరఖాస్తు పెట్టండి. అప్పీలు వేసినంత మాత్రాన తీర్పు అమలు ఆగదు. ఆపమని విడిగా అడగాలి. దాన్ని స్టే అంటారు.

వకీలుకు డబ్బు లేదా? 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళు ఉచిత న్యాయ సహాయం అడగవచ్చు. ఆదాయం ఎంతున్నా సరే. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. లేదా 15100కు ఫోను చేయండి.

చెప్పండి:
1. అప్పీలు అంటే ఏమిటి?
2. స్టే ఎందుకు అడగాలి?
3. మీ జిల్లా కోర్టు ఏ ఊళ్ళో ఉంది?