కుట్లు విప్పారు, డ్యూటీకి ఎప్పుడు?

తలకు దెబ్బ తగిలి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్లు రెండో మాటగా అడిగేది ఇదే: "డ్యూటీ ఎప్పుడు ఎక్కుతున్నావు?" కుట్లు విప్పేశారు, మాట బాగానే ఉంది, నడుస్తున్నాడు, స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. సోమవారం నుంచి వెళ్లిపోతే సరి అని ఇంట్లోవాళ్లకూ అనిపిస్తుంది, దెబ్బ తిన్నవాళ్లకూ అనిపిస్తుంది. జీతం ఆగిపోతుందన్న భయం దానికి తోడు. అలా తొందరపడి వెళ్లి, వారం తిరక్కుండానే తప్పుల మీద తప్పులు చేసి, పైవాళ్లతో మాటలు పడి, చివరికి ఉద్యోగం మీదికే తెచ్చుకునేవాళ్ల గురించి ఈ వ్యాసం.

మొదట ఆ స్కానింగ్ సంగతి. సీటీ స్కాన్ రక్తస్రావాన్ని, పుర్రె చిట్లడాన్ని, వాపును చూపిస్తుంది. ఆపరేషన్ కావాలా అక్కర్లేదా అన్న ప్రశ్నకు అది జవాబు. కానీ బండి మీద నుంచి పడ్డప్పుడు తల నేలకు తగిలి ఆగిపోయినా, లోపల మెదడు వెంటనే ఆగదు. గిన్నెలో జున్నులా ఊగుతుంది, మెలితిరుగుతుంది. అప్పుడు నరాల పోగులు సాగుతాయి, కొన్ని తెగుతాయి. ఆ సాగడం మామూలు స్కాన్‌కు కనపడదు. మెదడు ముందు భాగం, కణతల వైపు భాగం పుర్రె లోపలి గరుకు ఎముకలకు రాసుకుంటాయి. మనసు ఒకచోట నిలపడం, గుర్తుంచుకోవడం, పని వరస వేసుకోవడం, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం ఆ భాగాల పనులు. అందుకే తల దెబ్బ తర్వాత చేతులూ కాళ్లూ బాగానే ఉండి, ఈ నాలుగూ తడబడతాయి.

కేస్ షీటులో "మైల్డ్" అని రాసి ఉంటే ధైర్యపడండి గానీ, దాన్ని పట్టుకుని డ్యూటీ తేదీ వేసుకోకండి. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు డాక్టర్లు తయారుచేసిన కొలతను బట్టి రాసే మాట అది. కళ్లు తెరవడం, మాట్లాడడం, కదలడం చూసి 3 నుంచి 15 వరకు మార్కులు వేస్తారు. 13 నుంచి 15 మైల్డ్, 9 నుంచి 12 మోడరేట్, 8 లేదా అంతకంటే తక్కువైతే సివియర్. దెబ్బ తగిలిన వేళ స్పృహ ఎంత ఉందో చెప్పే కొలత అది. నెల తర్వాత మీరు క్యాష్ కౌంటర్‌లో కూర్చుంటే లెక్క తప్పుతుందా లేదా అన్నది అందులో ఉండదు.

పని మాట ఎత్తేముందు ఒక హెచ్చరిక. తలనొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, మనిషి మత్తుగా పడి ఉన్నా, ఒక కాలో చెయ్యో బలం తగ్గినా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. పెద్ద వయసువాళ్లలో, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో మెదడు పైపొర కింద రక్తం నెమ్మదిగా చేరి, కొన్ని వారాల తర్వాత బయటపడడం ఉంది. "అప్పుడు స్కాన్ నార్మలే కదా" అన్న మాట ఆ రోజుకే చెల్లుతుంది.

చిన్న దెబ్బకు మొదటి ఒకటి రెండు రోజులు బాగా విశ్రాంతి తీసుకోవాలి. ఆ తర్వాత కూడా చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టడం పాత పద్ధతి. ఇప్పుడు డాక్టర్లు ఆ సలహా ఇవ్వడం లేదు. నెమ్మదిగా నడక, ఇంట్లో చిన్న పనులు, కాసేపు చదవడం, ఇలా బాధ పెరగనంత మేరకు కదలాలి. రాత్రి నిద్ర మాత్రం తగ్గకూడదు. మద్యం ముట్టకూడదు. దెబ్బ తిన్న మెదడు దాన్ని తట్టుకోలేదు, ఫిట్స్ భయమూ పెరుగుతుంది. చాలామందికి చిన్న దెబ్బ కొన్ని వారాల నుంచి మూడు నెలల లోపు సర్దుకుంటుంది. పెద్ద దెబ్బకు మొదటి ఆరు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది, కానీ రెండేళ్లు, ఆ పైన కూడా మెరుగుదల సాగుతుంది.

ఇక అసలు విషయం, అలసట. ఉద్యోగస్తులు దీన్ని గట్టిగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే మిగతా లక్షణాలన్నీ దీని వెంటే వస్తాయి. ఇది ఒళ్లు అలిసిన అలసట కాదు. ఇంతకుముందు ఆలోచించకుండా చేసిన పనికి కూడా ఇప్పుడు మెదడు కష్టపడాలి. ఎదుటివాళ్ల మాట వింటూ చేత్తో నోట్లు లెక్కపెట్టడం, ఫోన్ మోగుతుంటే మెయిల్ చదవడం, నలుగురు మాట్లాడే మీటింగులో ఒకరి మాట పట్టుకోవడం ఇప్పుడు బరువు పనులు. ఉదయం పదింటికి మామూలుగా కనిపించిన మనిషి మధ్యాహ్నం రెండింటికి మాట కోసం వెతుక్కుంటాడు, వెలుతురు గుచ్చుకుంటుంది, చిన్న మాటకు కసురుకుంటాడు. పక్కసీటువాళ్లు ఉదయం మనిషిని చూసి, మధ్యాహ్నం మనిషిది నటన అనుకుంటారు.

కాబట్టి ఆఫీసుకు వెళ్లేముందు ఇంట్లోనే ఆఫీసు పెట్టండి. మీ పని ఎలాంటిదో అలాంటి పనే రోజూ ఒకే వేళకు, రెండు గంటలు చేసి చూడండి. లెక్కల మనిషైతే పాత ఖాతాలు కూడండి. టీచరైతే ఒక పాఠం ఇంట్లోవాళ్లకు నిలబడి చెప్పండి. సాఫ్ట్‌వేర్ వాళ్లు తెలిసిన కోడ్‌లో చిన్న మార్పు చేసి చూడండి. ఒక చిన్న పుస్తకంలో మూడు విషయాలు రాయండి: ఎన్నింటికి మొదలుపెట్టారు, ఎన్నింటికి తల దిమ్మెక్కింది, మర్నాడు పొద్దున లేచేసరికి ఎలా ఉంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. సాయంత్రం అలిసి, పొద్దుటికి తేరుకుంటే ఆ మోతాదు మీరు మోయగలరు. పొద్దున కూడా తల బరువుగానే ఉంటే నిన్నటి పని ఎక్కువైనట్టు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "ఎలా ఉంది" అన్న ప్రశ్నకు "పర్లేదండి" అనే బదులు ఆ పుస్తకం చూపించండి.

వారం పాటు రెండు గంటలు నిలకడగా సాగాక డాక్టరుతో మాట్లాడి పనిలోకి మెట్లు వేసుకోవాలి. మొదట రోజు మార్చి రోజు పూటపని, తర్వాత రోజూ పూట, తర్వాత ఆరు గంటలు, ఆ పైన పూర్తి డ్యూటీ. ఒక్కో మెట్టు మీద కనీసం వారం నిలవాలి. తలనొప్పి పెరిగితే ఒక మెట్టు దిగాలి, ఇంటికి పోయి పడుకోవడం కాదు. గంటలూ, బాధ్యతలూ రెండూ ఒకే వారంలో పెంచకండి. పెంచితే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు. నైట్ షిఫ్ట్ అన్నిటికంటే చివరి మెట్టు.

పైఅధికారికి ఎలా చెప్పాలన్నది చాలామందిని పీడించే ప్రశ్న. "తలకు దెబ్బ తగిలింది సార్, కొంచెం చూసుకోండి" అంటే ఆయనకు రెండే దారులు తోస్తాయి: జాలిపడి పని తీసేయడం, లేదా వినీ విననట్టు ఊరుకోవడం. జబ్బు భాష వదిలి పని భాషలో చెప్పండి. "సార్, నేను పని చేయగలను. పదకొండున్నర దాకా తప్పు రావడం లేదు. కౌంటర్‌లో రద్దీ ఉన్నప్పుడు రెండు పనులు కలిస్తే తప్పు వస్తోంది. నెల రోజులు బ్యాక్ ఆఫీసులో వోచర్ల పని ఇవ్వండి. గంటన్నరకోసారి పది నిమిషాలు లేస్తాను. ఏ పనైనా నోటిమాటగా కాకుండా రాసి ఇప్పించండి. నెలాఖరుకు మళ్లీ మాట్లాడుకుందాం." ఇందులో గడువు ఉంది, అడిగింది స్పష్టంగా ఉంది, ఒప్పుకోవడం ఆయనకు సులువు. మాట్లాడి వచ్చాక అదే విషయం మెయిల్‌గానో ఉత్తరంగానో పంపండి.

డాక్టరు రాసే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ దగ్గర కూడా జాగ్రత్త. "డ్యూటీకి అర్హుడు" అని ఒక్క ముక్క రాయించుకుంటే తర్వాత మీకే అడ్డం వస్తుంది. రోజుకు ఎన్ని గంటలు, ఏ పనులు వద్దు, ఎన్నాళ్లు, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి అన్నవి రాయమని అడగండి. మతిమరుపు, నెమ్మదితనం ఎక్కువగా ఉంటే న్యూరోసైకాలజీ పరీక్ష చేయించుకోవాలి. జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచన వేగం ఏ మేరకు తగ్గాయో అందులో తేలుతుంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఈ పరీక్షలూ, ఏకాగ్రతను తిరిగి అలవాటు చేసే శిక్షణా ఉన్నాయి.

కొన్ని ఉద్యోగాలకు విడిగా చెప్పాల్సిన మాటలున్నాయి. తల దెబ్బ తర్వాత ఫిట్స్ వచ్చిన మనిషి డాక్టరు ఒప్పుకునేదాకా బండి నడపకూడదు, ఎత్తు ఎక్కకూడదు, తిరిగే మెషిన్ల దగ్గర నిలబడకూడదు. డ్రైవర్లకు, లైన్‌మెన్‌లకు, సెంట్రింగ్ పనివాళ్లకు ఇది కూటి మీద దెబ్బే. అయినా ఇక్కడ బేరం లేదు. వంటవాళ్లకు ఇంకో చిక్కు. ముక్కు పైన ఎముక రంధ్రాల గుండా వెళ్లే వాసన నరాలు దెబ్బకు తెగవచ్చు. మనిషికి రుచి పోయినట్టనిపిస్తుంది గానీ పోయింది వాసన. గ్యాస్ లీకైనా, నూనె మాడినా, కూర పాచిపోయినా తెలియదు. అలాంటివాళ్లు ఇంట్లో గ్యాస్ అలారం పెట్టుకోవాలి, హోటల్లో రుచి చూసే బాధ్యత ఇంకొకరికి అప్పగించాలి.

కోపం సంగతి వదిలేయకూడదు. దెబ్బ తిన్నవాళ్లకు తమలో వచ్చిన మార్పు చాలాసార్లు తెలియదు. అది మొండితనం అనుకోకండి, తనను తాను గమనించుకునే భాగానికే దెబ్బ తగిలింది. భార్యో, భర్తో, అన్నో ఎవరో ఒకరు డాక్టరు దగ్గరికి వెంట వెళ్లి చూసింది చూసినట్టు చెప్పాలి. దిగులు, ఏడుపు, ఎవరితోనూ కలవకపోవడం కూడా ఈ గాయంలో తరచుగా కనిపిస్తాయి. వాటికి మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది.

దెబ్బతో మనిషి మారినా సరైన పని నిలబెట్టగలదనడానికి ఒక పాత కథ ఉంది. 1848 సెప్టెంబరులో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుమార్గం వేస్తుండగా పేలుడు జరిగి, ఫోర్‌మన్ ఫినియస్ గేజ్ తలలోంచి మూడున్నర అడుగుల ఇనుప కడ్డీ దూసుకుపోయింది. 25 ఏళ్ల ఆ మనిషి బతికాడు. కానీ కంపెనీ అతనికి పాత ఉద్యోగం ఇవ్వలేదు, మనిషి మునుపటిలా లేడని. వైద్య పుస్తకాలు ఎక్కువగా అక్కడే ఆగుతాయి. ఆ తర్వాత అతను చిలీ దేశానికి వెళ్లి కొన్నేళ్లపాటు గుర్రబ్బండి తోలాడు. ప్రయాణికుల లగేజీ, టిక్కెట్లు, గుర్రాల పగ్గాలు, తెలియని భాష, అన్నీ సంబాళించాడు. రోజూ ఒకే వేళ, ఒకే దారి, ఒకే వరస ఉన్న పని అతన్ని తేరుకోనిచ్చిందని కొందరు పరిశోధకుల అభిప్రాయం. 1860లో ఫిట్స్ వచ్చి చనిపోయాడు. గేజ్‌కు దొరికినట్టు పనిని ఒక వరసలో పెట్టుకోవడం మన చేతుల్లోనూ ఉంది: రాత్రే రేపటి పనులు రాసుకోవడం, తాళాలు, ఫోను, ఐడీ కార్డు ఒకేచోట పెట్టడం, ఒక పని ముగిశాకే రెండోది తీయడం.

కాగితాల విషయంలో బద్ధకిస్తే నష్టం పెద్దది. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు జబ్బు సెలవు కింద ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. పనిలో తగిలిన గాయమైతే, కోలుకునేదాకా 90 శాతం. ఇంటి నుంచి డ్యూటీకి వెళ్తూ వస్తూ జరిగిన ప్రమాదాన్ని కూడా, పనితో సంబంధం రుజువైతే, పని గాయంగా లెక్కించాలని 2010లో చట్టం సవరించారు. బైకు మీద నుంచి పడ్డవాళ్లలో ఎంతోమంది ఇది తెలియక మామూలు జబ్బు కింద రాయించుకుంటున్నారు. ప్రభుత్వ ఉద్యోగులకు 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ రక్షణ ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి. పోస్టు లేకపోతే దొరికేదాకా అదనపు పోస్టులో ఉంచాలి. ప్రైవేటు ఉద్యోగికి ఇంత గట్టి రక్షణ లేదు, అందుకే మెయిళ్లు, సర్టిఫికెట్లు వాళ్లకు ఇంకా అవసరం.

రోడ్డు ప్రమాదమైతే మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో ఆరు నెలల్లోపు పరిహారం కేసు వేయాలి. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం గుర్తుంచుకోండి: శరీరానికి వచ్చిన వైకల్యం శాతం వేరు, సంపాదించే శక్తిలో తగ్గిన శాతం వేరు. ఎడమ చెయ్యి పోతే వడ్రంగికి బతుకుతెరువు మొత్తం పోవచ్చు, గుమాస్తాకు ఉద్యోగం నిలవచ్చు. తల దెబ్బకు ఈ సూత్రం మరీ సరిపోతుంది. చేతులూ కాళ్లూ బాగున్న అకౌంటెంటుకు లెక్క నిలవకపోతే అతని నష్టం కంటికి కనిపించదు. న్యూరోసైకాలజీ రిపోర్టు, మీ చిన్న పుస్తకం, జీతం స్లిప్పులు ఉంటేనే లాయరు దాన్ని కోర్టుకు చూపించగలడు.

రోజుకూలీకి సెలవూ లేదు, మెయిలూ లేదు. మేస్త్రీతో ఇంట్లోవాళ్లే వెళ్లి మాట్లాడాలి: రెండు నెలలు పరంజా ఎక్కించవద్దని, కింద నీడపట్టు పని ఇమ్మని, పూటకూలికైనా ఒప్పుకుంటామని. ఎండ, దాహం తలనొప్పిని పెంచుతాయి కాబట్టి నీళ్ల సీసా దగ్గరుండాలి, హెల్మెట్ తలమీద ఉండాలి. మానక ముందే రెండో దెబ్బ తగిలితే మొదటిదానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది.