గంట కొట్టేది ఎవరు?

చి.ల.సౌ. బుజ్జికి,



ధమ్మఖేత్తలో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం నుంచి వచ్చి వారం తిరక్కుండానే అంతా ఆవిరైపోయిందని మొన్న ఫోనులో బాధపడ్డావు. ఫోనులో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు పోయిందంటున్నది ధ్యానం కాదు తల్లీ. నాతో ఎక్కువసేపు చెప్పింది వేరే. పదకొండింటికల్లా వేడివేడిగా భోజనం, సాయంత్రం అయిదింటికి టీ, మరమరాలు, పండు. రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పేయడం. ఫోను శిబిరం వాళ్ల దగ్గర పెట్టేసి దాని ఊసే మరిచిపోవడం. ఆ సుఖం మీద నీకు బెంగ. అందులో తప్పేమీ లేదు. అది కావాలనుకోవడం మంచిదే.

నేను అక్కడ వంటింట్లో సేవ చేసినదాన్ని కాబట్టి నీకు కనపడని వైపు చెబుతాను. నాగార్జునసాగర్ రోడ్డు మీద విపశ్యన గురువు గోయెంకా గారు 1976లో ప్రారంభించిన కేంద్రం అది. ఇప్పటికీ అక్కడ బసకూ భోజనానికీ రుసుము లేదు. ఇంతకు ముందు శిబిరం పూర్తి చేసినవాళ్లు ఇచ్చే దానంతో, వాళ్ల సేవతో నడుస్తుంది. నువ్వు నాలుగింటి గంట విని లేచేసరికి ఆ గంట కొట్టినవాళ్లు అప్పటికే లేచి ఉన్నారు. ఆరున్నరకు ఉపాహారం నీ ముందుకు రావాలంటే చీకటితోనే పొయ్యి వెలగాలి. పది రోజులూ నువ్వు ఒక్క నిర్ణయం తీసుకోనక్కర్లేకపోయింది, ఎందుకంటే ఆ నిర్ణయాలన్నీ వేరేవాళ్లు ముందే తీసుకుని ఉన్నారు. నీ మనసు తేలికపడటంలో దీని వంతు చాలా ఉంది.

ఇంటికి వచ్చాక నిర్ణయాలూ నీవే, గంటా నీదే, వంటా నీదే. పొద్దున్న బ్యాంకుకు పరుగు, సాయంత్రం పిల్లాడి హోంవర్కు. అలాంటప్పుడు చాప పరిచి అగరొత్తి వెలిగించినంత మాత్రాన ఇల్లు శిబిరం అయిపోదు. నేనైతే చాప కంటే ముందు పని పంపకం చూస్తాను.

అక్కడ ఎవరి పళ్లెం వాళ్లే కడుక్కున్నారు కదా, పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా. ముందు ఆ ఒక్కటి ఇంటికి తెచ్చుకో. అల్లుడుగారి కంచం అల్లుడుగారు, పిల్లాడి కంచం పిల్లాడు. వదినగారికి, అదే మీ అత్తగారికి, మోకాళ్ల నొప్పులు గనుక ఆవిడది మటుకు మీలో ఎవరైనా తీయండి. ఇంట్లో ఎప్పుడూ సేవ చేసేది ఒక్కతే అయితే, ఆమెకు దక్కే విశ్రాంతి ఎంతసేపు నిలుస్తుంది? వారంలో ఒక రోజు వంటా, గంటా అల్లుడుగారివి. ఆ రోజు ఉప్పు ఎక్కువైనా నువ్వు వంటింట్లోకి వెళ్లకు.

తర్వాత, ‘ఇవాళ ఏం వండను?’ అన్న ప్రశ్న. రోజుకు మూడుసార్లు నిన్ను అలసిపోయేలా చేస్తున్నది అదే. శిబిరంలో ఆ ప్రశ్న నీ దాకా రాలేదు. ఆదివారం అందరూ కూర్చుని వారం వంటలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. సోమవారం బీరకాయ పప్పు అంటే బీరకాయ పప్పే. సాదాగా ఉండనీ. రాత్రికి తేలికగా ఏ ఉప్మానో, మజ్జిగన్నమో చాలు.

పిల్లాణ్ణి లేపడానికి చిన్న గంట కొనుక్కో. మన ఇళ్లల్లో ‘లే, లే’ అని అరుపులతో తెల్లవారుతుంది. గంటకు కోపం ఉండదు, దానితో అలిగి వాదించడానికీ కుదరదు. వాడు నాలుగు రోజులు నవ్వుకుని అయిదో రోజుకు అలవాటు పడతాడు. ఫోనులు రాత్రి భోజనం కాగానే హాల్లో బీరువా సొరుగులోకి, మళ్లీ పొద్దున టిఫిన్ అయ్యాకే బయటికి. అలారం కోసం ఫోను కావాలంటారేమో అల్లుడుగారు, టేబుల్ గడియారం ఒకటి కొనివ్వు.

మౌనం మాత్రం తేకమ్మా. అక్కడ పదో రోజు దాకా మాట్లాడకపోవడం అందరూ ఒప్పుకున్న నియమం. ఇంట్లో నువ్వొక్కదానివే నోరు కట్టుకుంటే వదినగారికి అది అలకలా కనిపిస్తుంది, పిల్లాడికి శిక్షలా ఉంటుంది. దాని బదులు సాయంత్రం ఒక గంట టీవీ ఆపుకుందామని అడిగి చూడు. ఆవిడ సీరియల్ వేళ ముందే తెలుసుకుని, దాన్ని తప్పించి అడుగు. అడిగి తెచ్చుకున్న నిశ్శబ్దమే ఇంట్లో నిలుస్తుంది.

ఇక నీ సాధన. ఉదయం గంట, సాయంత్రం గంట కూర్చోమని శిబిరం వాళ్లు చెప్పి పంపారు. సంసారంలో ఇది సాగుతుందా అని నీ అనుమానం. గోయెంకా గారి గురువు సయాజీ ఊ బా ఖిన్ బర్మాలో అకౌంటెంట్ జనరల్. లెక్కల ఆఫీసు బాధ్యత మోస్తూనే 1952లో రంగూన్‌లో ధ్యాన కేంద్రం పెట్టారు. గోయెంకా గారు వ్యాపారి, ఆరుగురు కొడుకుల తండ్రి. వీళ్లెవరూ ఇల్లు వదిలిపెట్టిన సన్యాసులు కారు. అందుకే ఈ మార్గం మీద నాకంత నమ్మకం. గంట కుదరని రోజున కుదిరినంతసేపే కూర్చో, ఆ రోజును మాత్రం వదలకు. పడగ్గదిలో కిటికీ పక్క మూల ఖాళీ చేసి చాప, దిండు పెట్టుకో. ఉతికిన బట్టల బుట్ట అక్కడికి చేరకుండా కాచుకుంటే చాలు.

ఇవన్నీ ఒక్కసారే మొదలుపెట్టకు. కంచాల సంగతి ఈ వారమే మొదలుపెట్టు, మిగిలినవి ఒక్కొక్కటే. వచ్చే వేసవిలో నువ్వు మళ్లీ శిబిరానికి వెళ్లాలనుకుంటే పిల్లాణ్ణి, వదినగారిని చూసుకోవడానికి నేను వస్తాను. ఈసారి సాధకురాలిగా కాక వంటింటి సేవకు పేరిచ్చి చూడు, నా మాట విని. అల్లుడుగారు కూడా ఎప్పుడైనా ఒకసారి కూర్చుంటే మంచిది. బలవంతపెట్టకు, అడుగు.

వదినగారికి నా నమస్కారాలు, పిల్లాడికి ముద్దులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ