తరుగులోని మెరుపు

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: వ్యాసం. కారు రంగుపై ఏర్పడే సన్నని గీతలను యంత్రంతో తొలగించే విధానాన్ని, దాని వెనుక ఉన్న శాస్త్రాన్ని ఈ పాఠం వివరిస్తుంది. చేతిపనిలో ఇమిడి ఉన్న వివేకాన్ని విద్యార్థులు గుర్తించేటట్లు చేయడం దీని ఉద్దేశం.

పాఠం

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలు పత్తితోను, నూలుతోను పేరు గడించాయి. ఆదోని మార్కెట్టుకు చుట్టుపక్కల నల్లరేగడి చేల నుండి పత్తి తరలివస్తుంది. మాచాని సోమప్ప కృషితో 1938లో ఏర్పడిన సహకార సంఘం ఎమ్మిగనూరు చేనేతకు ఖ్యాతి తెచ్చింది. ఇటువంటి చోట నివసించేవారికి నూలుగుడ్డ దేనినైనా గీరుతుందంటే నమ్మబుద్ధి కాదు. నేనూ నమ్మలేదు.

కొన్నేళ్ల క్రితం ముదురు నీలిరంగు కారు ఒకటి కొన్నాను. కళాశాలకు బయలుదేరే ముందు ప్రతిదినం పాత నూలుపంచె ముక్కతో దాని మీది దుమ్ము తుడిచేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి ఎండలో చూస్తే రంగు నిండా సాలెగూడు అల్లినట్లు గీతలు కనిపించాయి. ఆదోనిలో ఒక షెడ్డుకు తీసుకొని వెళ్లాను. అక్కడి పనివాడు కారును ఒకసారి చుట్టి చూసి, "దినామూ పొడిగుడ్డతో తుడిచినారు కదా సార్?" అని అడిగాడు. ఔనన్నాను. "గుడ్డ మెత్తనిదే సార్. దాన్లో చిక్కుకున్న దుమ్ము మెత్తనిది కాదు" అన్నాడు.

అతని మాటలో శాస్త్రం ఉన్నది. ఆదోని కోట నిలిచిన కొండలు గ్రానైటు శిలలు. గ్రానైటు శిథిలమైనప్పుడు దానిలోని స్ఫటికరాయి, అనగా క్వార్ట్జ్, ఇసుకరేణువులుగా మిగులుతుంది. జర్మన్ ఖనిజశాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో రూపొందించిన కాఠిన్యపు కొలమానంలో క్వార్ట్జ్‌ది 7వ స్థానం. కారు పూత దానికంటె ఎంతో మెత్తనిది. గాలిలో ఎగిరివచ్చిన ఆ రేణువును గుడ్డతో అదిమి రుద్దితే గీత పడక మానదు.

కారు రేకుపై తుప్పును అడ్డుకొనే పూత, ప్రైమరు, రంగుపూత వరుసగా ఉంటాయి. అన్నింటికీ పైన రంగులేని పారదర్శకమైన పొర ఉంటుంది. దీనిని క్లియర్ కోటు అంటారు. ఈ పొరలన్నీ కలిసి సాధారణంగా 100 నుండి 150 మైక్రాన్ల మందం ఉంటాయి. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యోవంతు. వీటిలో క్లియర్ కోటు వాటా సుమారు 35 నుండి 50 మైక్రాన్లు మాత్రమే. అది తలవెంట్రుక మందం కంటె తక్కువ. సూర్యుని అతినీలలోహిత కిరణాల నుండి కింది రంగును కాపాడేది ఈ పొరయే. మనకు కనిపించే సన్నని గీతలు చాలావరకు ఇందులోనే ఉంటాయి.

ఆ గీతలు వలయాలుగా ఎందుకు తోస్తాయి? తోమిన స్టీలు పళ్లెాన్ని దీపం కింద పట్టి చూడండి. దీపపు ప్రతిబింబం చుట్టూ గుండ్రని గీతలు కనిపిస్తాయి. పళ్లెం కదిపితే వలయాలూ దీపంతోపాటు కదులుతాయి. నిజానికి గీతలు అన్ని దిక్కులకూ ఉన్నాయి. వాటిలో కాంతికిరణాలకు అడ్డంగా ఉన్నవి మాత్రమే వెలుగును మన కంటివైపు మళ్లిస్తాయి. అందువల్ల మనకు వలయాల భ్రాంతి కలుగుతుంది.

గీతను పూడ్చడం పాలిషింగ్ కాదు. గీత చుట్టూ ఉన్న మిట్టను గీత అడుగుదాకా అరగదీసి సమం చేయడమే పాలిషింగ్. గాజును మెరుగుపెట్టడమంటే గీతలను కంటికి అందనంత సూక్ష్మంగా మార్చడమేనని న్యూటన్ 1704లో వెలువరించిన 'ఆప్టిక్స్' గ్రంథంలో వివరించాడు. నేటి పాలిషు ముద్దలలో ఎక్కువగా వాడే పదార్థం అల్యూమినియం ఆక్సైడు. ప్రకృతిలో లభించే దాని స్ఫటికరూపమే మన కురువిందం. కెంపు, నీలం దాని రూపాంతరాలే. మోస్ కొలమానంలో దానిది 9వ స్థానం. ఇంగ్లీషు వారి 'కోరండం' అనే మాట మన ద్రావిడభాషల నుండి వెళ్లినదే. మణికి సానపట్టిన పదార్థమే నేడు కారుకు మెరుగుపెడుతున్నదన్నమాట.

పనివాడు మొదట కారును ధారాళంగా నీటితో కడిగాడు. కడిగినా వదలని మురికిని తడి మీద క్లే అనే మెత్తని ముద్దతో తీశాడు. అంచులకు, రబ్బరు పట్టీలకు టేపు అంటించాడు. పిదప బానెట్టుపై రెండడుగుల చదరం మాత్రమే ఎన్నుకొని, అన్నింటికంటె మెత్తని ప్యాడుతో, సన్నని పాలిషుతో పరీక్ష చేశాడు. అది చాలనప్పుడే దాని కంటె గరుకైనది వాడాలి. గీసిన వరుసలో సగం కప్పుతూ తరువాతి వరుస, నిలువు వరుసలపై అడ్డవరుసలు వచ్చేటట్లు యంత్రాన్ని మెల్లగా నడిపాడు.

యంత్రాలు రెండు రకాలు. రోటరీ యంత్రం ఒకే ఇరుసుపై తిరుగుతుంది. త్వరగా కోస్తుంది, త్వరగా వేడెక్కిస్తుంది. ఒకేచోట నిలిపితే పూతను కాల్చుతుంది. పూత పలుచగా ఉండే అంచుల వద్ద ప్రమాదం మరింత ఎక్కువ. డ్యూయల్ యాక్షన్ యంత్రం తన చుట్టూ తాను తిరుగుతూనే ఇరుసు చుట్టూ కూడ పరిభ్రమిస్తుంది, భూమి సూర్యుని చుట్టూ తిరిగినట్లు. అందుచేత వేడి తక్కువ, నేర్చుకొనేవారికి క్షేమం. మన ప్రాంతపు వేసవిలో ఎండకు రేకు కాలి, పాలిషు ముద్ద ఎండిపోతుంది. కనుక సూర్యోదయం కాగానే నీడపట్టున పని మొదలుపెట్టాలి.

మెరుగు వచ్చిన తరువాత అతడు స్పిరిటు కలిపిన నీటితో ఆ చోటు తుడిచి చూపించాడు. నూనె, మైనం గీతలలో నిండి వాటిని కొంతకాలం మరుగుపరుస్తాయి. నాలుగు కడుగులకు గీతలు మళ్లీ బయటపడతాయి. స్పిరిటుతో తుడిచినా నిలిచిన మెరుగే అసలైన మెరుగు.

బానెట్టు నడుమ ఒక గీత మాత్రం మిగిలింది. దానిని కూడ తీసివేయమన్నాను. అతడు గీతకు అడ్డంగా గోటిని నడిపాడు. గోరు తగులుకున్నది. "ఇది లోతుది సార్. పోగొట్టాలంటే పైపొరంతా పోతుంది. రెండేండ్లకు ఎండకు పెచ్చులు లేస్తాది. ఉండనీండి" అన్నాడు. డబ్బు ఎక్కువ ఇస్తానన్నాను. ఒప్పుకోలేదు. నా అత్యాశకు సిగ్గుపడ్డాను.

భర్తృహరి నీతిశతకంలో కృశించి కూడ శోభించేవాటిని పేర్కొన్నాడు. సానపట్టిన మణి, శరత్కాలపు నది, ఒక్క కళ మిగిలిన చంద్రుడు, యాచకులకు ఇచ్చి సంపద తరిగిన దాత అందులో ఉన్నారు. ఆ శ్లోకాన్ని ఎన్నో ఏళ్లుగా బోధిస్తున్నాను. కాని సానపట్టే చేయి ఎక్కడ ఆగాలో ఆ షెడ్డులోనే తెలుసుకున్నాను. ప్రతి మెరుగుకూ పొరలో కొంత ఖర్చవుతుంది, ఖర్చైనది తిరిగి రాదు. ఇప్పుడు ముందుగా నీరు పోయనిదే కారును గుడ్డతో ముట్టను. ఆ గీత బానెట్టు మీద ఇంకా ఉన్నది.

కఠిన పదాలకు అర్థాలు

కాఠిన్యం = గట్టిదనం
కురువిందం = సానపట్టడానికి వాడే గట్టి ఖనిజం
భ్రాంతి = లేనిది ఉన్నట్లు తోచడం
కృశించు = చిక్కిపోవు

వ్యాకరణాంశాలు

అత్యాశ = అతి + ఆశ (యణాదేశ సంధి)
సూర్యోదయం = సూర్య + ఉదయం (గుణ సంధి)
రూపాంతరం = రూప + అంతరం (సవర్ణదీర్ఘ సంధి)
నల్లరేగడి = నల్లనైన రేగడి (విశేషణ పూర్వపద కర్మధారయం)
కాంతికిరణాలు = కాంతి యొక్క కిరణాలు (షష్ఠీ తత్పురుషం)

ప్రశ్నలు

1. కారు పూతపై గీతలు ఏర్పడే కారణాలను, వాటిని తొలగించే విధానాన్ని వివరించండి.
2. గీతలు వలయాలుగా కనిపించడానికి కారణమేమి?
3. రోటరీ, డ్యూయల్ యాక్షన్ యంత్రాల భేదాన్ని తెలపండి.
4. అధిక ధనం ఇస్తానన్నా పనివాడు లోతైన గీతను తొలగించడానికి ఎందుకు నిరాకరించాడు? అతని నిర్ణయంపై మీ అభిప్రాయం రాయండి.
5. మీ ఊరిలోని ఒక చేతివృత్తిదారును కలిసి, తన పనిలో ఎక్కడ ఆగాలో అతనికి ఎలా తెలుస్తుందో అడిగి పది వాక్యాలలో రాయండి.