ముల్లు ఎందుకు అబద్ధమాడింది?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో ఎన్నో ట్రాక్టర్లు కనిపిస్తాయి. ఎవరినైనా అడిగి ఒకదానిమీద ఎక్కి చూడండి. స్టీరింగు ముందర గాజుబిళ్ల కింద ఒక చిన్న ముల్లు ఉంటుంది. ట్యాంకులో డీజిలు ఎంత ఉందో చెప్పేది అదే. దానిని ఇంధన గేజి అంటారు. మరపడవలలోనూ ఇలాంటి గేజీలు ఉంటాయి. అవుకు జలాశయంలో విహారానికి తిరిగేవీ, సంగమేశ్వరం నుంచి కృష్ణకు ఆవల ఉన్న సోమశిలకు మనుషులను చేర్చేవీ మరపడవలే కదా!

ట్రాక్టరు గేజి తప్పు చెబితే ఏమవుతుంది? బండి చేలో ఆగిపోతుంది. డబ్బా పట్టుకుని బంకుకు నడవాలి, అంతే. మరి పడవ నడినీటిలో ఆగితే? గాలి ఎటు తోస్తే అటు పోవలసిందే. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు సంగమేశ్వరాలయమే నీట మునిగిపోతుంది. అంత నీటి నడుమ ఇంజను ఆగిపోతే ఎవరు ఎక్కడికి నడుస్తారు? అందుకే పడవలో ఈ చిన్న ముల్లు నిజం చెప్పడం చాలా అవసరం.

గేజికి డీజిలు కనిపించదు

గేజి ట్యాంకులోకి తొంగిచూడదు. ట్యాంకులో ఒక బెండు తేలుతూ ఉంటుంది. డీజిలు తగ్గితే బెండు దిగుతుంది, పెరిగితే లేస్తుంది. బెండుకు ఒక కడ్డీ, కడ్డీ కొనకు ఒక నిరోధం తగిలించి ఉంటాయి. దీనినంతటినీ కలిపి ఫ్లోటు అంటారు. బెండు కదిలినప్పుడల్లా నిరోధం మారుతుంది.

బ్యాటరీ నుంచి విద్యుత్తు గేజిలోకి వస్తుంది. అక్కడి నుంచి తీగ ద్వారా ఫ్లోటుకు పోతుంది. ఫ్లోటు నుంచి ఎర్తు ద్వారా తిరిగి బ్యాటరీకి చేరుతుంది. ఇదే విద్యుత్ వలయం. ఓమ్ నియమం మీరు చదువుకున్నదే. నిరోధం పెరిగితే ప్రవాహం తగ్గుతుంది. ప్రవాహాన్నిబట్టి ముల్లు కదులుతుంది. ఒక రకం గేజీలకు ట్యాంకు ఖాళీ అయితే 240 ఓములు, నిండితే 33 ఓములు. మరొక రకానికి లెక్క తలకిందులు: ఖాళీకి 10, నిండితే 180.

అంటే గేజికి తెలిసినది డీజిలు కాదు, నిరోధం మాత్రమే! వలయంలో ఎక్కడ నిరోధం మారినా అది డీజిలే మారిందనుకుంటుంది.

నమ్మకం కలగకపోతే ఒక ప్రయోగం చేయండి. రెండు టార్చి సెల్లులు, ఒక టార్చి బల్బు, రెండువైపులా చెక్కి మొనలు తీసిన చిన్న మెత్తని పెన్సిలు ముక్క తీసుకోండి. మూడింటినీ తీగలతో ఒకే వలయంగా కలపండి. బల్బు మందంగా వెలుగుతుంది. పెన్సిలు ముక్కను తీసివేసి తీగలను నేరుగా కలపండి. వెలుగు పెరుగుతుంది. ఇప్పుడు పెన్సిలు బదులు బాగా తుప్పుపట్టిన మేకును పెట్టండి. వెలుగు మళ్లీ తగ్గవచ్చు, అసలు వెలగకనూ పోవచ్చు. తగ్గించినది పెన్సిలా, తుప్పా అన్నది బల్బుకు తెలియదు. గేజి సంగతీ అంతే.

లోపాన్ని పట్టే పద్ధతి

తెలివైన మెకానిక్కు అన్నిటినీ ఒకేసారి విప్పడు. వలయాన్ని రెండు ముక్కలు చేసి, లోపం ఎటువైపు ఉందో ముందు తేల్చుకుంటాడు. మన గేజి 240-33 రకం అనుకుందాం.

మొదట ఫ్లోటు దగ్గర గేజి తీగను ఊడదీస్తాడు. వలయం తెగింది కనుక ముల్లు 'ఖాళీ' చూపాలి. తరువాత ఆ తీగనే ఎర్తుకు కలుపుతాడు. నిరోధం దాదాపు సున్నా కనుక ముల్లు 'నిండు' చూపాలి. రెండుసార్లూ సరిగా చూపితే గేజి, తీగ రెండూ మంచివే. లోపం ఫ్లోటులోనో, దాని ఎర్తులోనో ఉంది.

ముల్లు కదలలేదా? అయితే అదే పరీక్ష గేజి వెనుక చేస్తాడు. అక్కడ ముల్లు కదిలితే మధ్య తీగ తెగినట్లు. అక్కడా కదలకపోతే గేజికి 12 వోల్టులు అందుతున్నాయేమో మల్టీమీటరుతో చూస్తాడు. అందకపోతే ఫ్యూజో, స్విచ్చో, తీగో దోషి. అందుతూ ఉంటే గేజే చెడింది.

ఒక్క మాట. పెట్రోలు ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. ట్యాంకు దగ్గర ఈ పరీక్షలు చేయడం మెకానిక్కు పని. మీ వంతు కారణం ఊహించడమే.

ట్రాక్టరుకూ పడవకూ తేడా

ట్రాక్టరు ఒళ్లంతా ఇనుమే. ఆ ఇనుమే ఎర్తు. చెక్కలోనూ, ఫైబరులోనూ విద్యుత్తు పారదు. కనుక అలాంటి పడవలో ఫ్లోటు నుంచి బ్యాటరీ దాకా వేరే ఎర్తు తీగ లాగాలి. తడికి ఆ తీగ జాయింటు కిలుము పడుతుంది. ట్యాంకు సగం ఉంటే ఫ్లోటు నిరోధం సుమారు 100 ఓములు. కిలుము మరో 100 చేర్చిందంటే మొత్తం 200. ముల్లు దాదాపు 'ఖాళీ' అంటుంది! జాయింటు గీకి బిగిస్తే పోయేదానికి కొత్త గేజి కొనడం వృథా కదూ?

కొలబద్దను మరవవద్దు

1983 జులై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానానికి ఆకాశంలోనే ఇంధనం అయిపోయింది. ఇంధన గేజీలు పనిచేయలేదు. వాటి పరికరంలో ఒక సోల్డరు జాయింటు సరిగా అతకలేదని తరువాత తెలిసింది. బయలుదేరేముందు సిబ్బంది కొలబద్దతోనే కొలిచారు. కాని లీటర్లను కిలోగ్రాములుగా మార్చవలసినచోట పౌండ్ల లెక్క వాడారు. కావలసిన ఇంధనంలో సగమైనా లేకుండానే విమానం లేచింది. పైలట్లు ఇంజన్లు ఆగిన విమానాన్ని గాలిలో జారుస్తూ గిమ్లీ అనే చోట పాత విమానస్థావరంలో దించారు. అందులోని 69 మందీ బతికారు.

అందుకే జాగ్రత్తగల పడవవాడు ముల్లును చూస్తాడు, కొలబద్ద ముంచీ చూస్తాడు. ఇంధనాన్ని మూడు భాగాలు చేసి, ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి, ఒకటి ఆపదకు అని లెక్కవేసుకుంటాడు.

ఇప్పుడు మీకొక ప్రశ్న. 240-33 గేజిలో తీగ తెగితే ముల్లు 'ఖాళీ' అంటుంది. పడవవాడు భయపడి ట్యాంకు చూసుకుంటాడు. నష్టం లేదు. తీగ పైతొడుగు ఊడి ఎర్తుకు తగిలితే ఏమంటుంది? 10-180 గేజిలో తీగ తెగితే ఏమంటుంది? ఈ అబద్ధాలలో పడవను ముంచేది ఏది? కాగితం మీద వలయం గీసి చూడండి, జవాబు మీకే దొరుకుతుంది.