రాతిగనుల భూమికి మరల ప్రాణము

కృష్ణగిరి, హోసూరు ప్రాంతములలో రాతి క్వారీని చూడని పిల్లలు అరుదు. రాయి తీసిన చోట లోతైన గుంట మిగులును. వానకు నీరు నిండినచో అది ఈతకు దిగినవారి ప్రాణములకే ముప్పు. అట్టి నేలను మరల బాగుచేయవచ్చునా? చేయవచ్చును.

కెన్యాదేశమున మొంబాసా చెంత బంబూరి సిమెంటు కర్మాగారమునకై 1954 నుండి పగడపు సున్నపురాయిని త్రవ్విరి. 1971లో రెనే హాలర్ అను వ్యవసాయ శాస్త్రజ్ఞుడు ఆ బోడినేలపై 26 రకముల మొక్కలు నాటించెను. మూడే బ్రతికినవి. అందు సరుగుడు ముఖ్యము. దాని వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని చెట్టున కందించును. అయితే రాలిన ఆకులు కుళ్లలేదు. అప్పుడు రోకలిబండ పురుగులను తెచ్చి విడిచిరి. అవి ఆకులను తిని విసర్జింపగా క్రమముగా సారవంతమైన మన్ను ఏర్పడెను. నేడచ్చట హాలర్ పార్కు అను వనము కలదు.

ఇందు మనము నేర్వవలసినదేమి? పోయిన మన్నును తిరిగి పుట్టించుటకు ఏండ్లు పట్టును, దాచుకొనుట సులభము. కావున గని నడుచుచుండగనే పథకము వేయవలెను. పైమన్నును వేరుగా కుప్పవేసి, కొట్టుకొనిపోకుండ గడ్డి పెంచవలెను. రాయి తీయుట ముగిసిన భాగమును వెంటనే వాలుగా సరిచేసి, ఆ మన్ను పరచి, చెట్లు నాటవలెను. యంత్రములును కూలివారును అచ్చటనే యుందురు గనుక ఖర్చు తగ్గును.

తల్లిదండ్రులకు మా మనవి: మీ ఊర క్వారీ తెరచునాడే “పైమన్ను ఎచ్చట దాచెదరు?” అని గ్రామసభలో అడుగుడు.