పేరు ఒకరిది, ప్రాణం ఇంకొకరిది

సెల్‌ఫోను వెనక ఒక కంపెనీ పేరు మెరుస్తూ ఉంటుంది. అది చూసి ఫోను మొత్తం ఆ కంపెనీయే తయారుచేసిందనుకుంటాం. నిజానికి తెర ఒకచోట, చిప్ ఇంకొకచోట తయారవుతాయి, అన్నీ కలిపి బిగించేది మరోచోట. షావోమీ ఫోన్లు 2015లో మన శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో తయారుకావడం మొదలైంది. అయితే ఈ భాగాలన్నిటి చేత పని చేయించేది మాత్రం కంటికి కనిపించదు. అదే ఆపరేటింగ్ సిస్టమ్. వేలితో తాకితే ఏది తెరవాలో, కెమెరాను ఏ యాప్ వాడుకోవచ్చో, బ్యాటరీని ఎలా పొదుపు చేయాలో చూసుకునేది అదే.

దీన్ని మొదటినుంచి రాసుకోవాలంటే ఎంతోమంది ఇంజనీర్లు, ఏళ్ల సమయం, బోలెడు డబ్బు కావాలి. అందుకే సొంత పేరుతో ఫోన్లు అమ్మాలనుకునే కంపెనీలు ఎక్కువగా ఇంకొకరి సిస్టమ్‌ను లైసెన్సు మీద తీసుకుంటాయి. మన హైదరాబాదు కంపెనీ సెల్‌కాన్ కూడా ఆండ్రాయిడ్ తీసుకునే స్మార్ట్‌ఫోన్లు అమ్మింది.

లైసెన్సు అంటే కొనుక్కోవడం కాదు. ప్రభుత్వ క్వార్టర్లలో పెరుగుతున్న మీకు ఇది సులువుగానే అర్థమవుతుంది. గుమ్మం పక్కన అమ్మ పేరో నాన్న పేరో రాసి ఉంటుంది. పెరట్లో కరివేపాకు మొక్క పెంచుకోవచ్చు, కిటికీలకు నచ్చిన పరదాలు కట్టుకోవచ్చు. గోడ పడగొడతామంటే మాత్రం కుదరదు. ఇల్లు మనది కాదు, షరతులకు లోబడి అందులో ఉండే హక్కు మనది.

మొదట్లో ఈ లైసెన్సుకు ఫోనుకింత అని రుసుము ఉండేది. 1998లో సయాన్, నోకియా, ఎరిక్సన్, మోటరోలా కలిసి పెట్టిన సింబియన్ సంస్థ అలాగే వసూలు చేసేది. మైక్రోసాఫ్టూ అంతే. 2008లో ఆండ్రాయిడ్‌తో మొదటి ఫోను వచ్చాక లెక్క మారింది. గూగుల్ దాని మూల కోడ్‌ను ఉచితంగా అందరి ముందూ పెట్టింది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ 2014లో చిన్న తెరల పరికరాలకు రుసుము ఎత్తేసింది గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది.

మరి గూగుల్‌కు లాభమేమిటి? కిటుకు ఇక్కడే ఉంది. ఉచితమైనది ఆండ్రాయిడ్ కోడ్ మాత్రమే. ప్లే స్టోర్, మ్యాప్స్, యూట్యూబ్, జీమెయిల్ అందులో భాగాలు కావు. వాటికి వేరే ఒప్పందం. ప్లే స్టోర్ కావాలంటే మిగిలిన యాప్‌లను కూడా గుత్తగా తీసుకోవాల్సి వచ్చేది, గూగుల్ సెర్చ్‌ను ముందు తెరమీదే పెట్టాల్సి వచ్చేది. పైగా, ఆండ్రాయిడ్‌ను తమకు నచ్చినట్టు మార్చి అమ్మబోమని మరో ఒప్పందం ఉండేది. ప్లే స్టోర్ లేని ఫోను ఎవరు కొంటారు? అందుకని సంతకం పెట్టక తప్పేది కాదు.

ఆ సంతకం బరువెంతో 2012లో ఏసర్ కంపెనీకి తెలిసింది. చైనాకు చెందిన అలీబాబా రూపొందించిన అలియున్ సిస్టమ్‌తో ఏసర్ ఒక ఫోను సిద్ధం చేసింది. షాంఘైలో ఆవిష్కరణ సభ. అది ఆండ్రాయిడ్‌కు పొసగని రూపమని గూగుల్ అభ్యంతరం చెప్పింది. అసలు అది ఆండ్రాయిడే కాదని అలీబాబా వాదించింది. వాదన తేలేదాకా ఏసర్ ఆగలేదు, చివరి క్షణంలో సభే రద్దు చేసుకుంది. తన పేరుతో తాను అమ్ముకునే ఫోనే అయినా!

హువావే కథ ఇంకో రకం. 2019 మే నెలలో అమెరికా ప్రభుత్వం ఆంక్షలు పెట్టడంతో దాని కొత్త ఫోన్లకు గూగుల్ యాప్‌లు దక్కకుండా పోయాయి. ఉచిత కోడ్ చేతిలోనే ఉంది, కానీ ప్లే స్టోర్ లేదు. చైనాలో గూగుల్ సేవలు ఎలాగూ లేవు కనుక అక్కడ పెద్ద తేడా రాలేదు. బయటి దేశాల్లోనే అమ్మకాలు దెబ్బతిన్నాయి.

మన దేశంలో ఈ షరతులు భారత పోటీ కమిషన్ ముందుకు వచ్చాయి. 2022 అక్టోబరులో కమిషన్ గూగుల్‌పై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. యాప్‌లను గుత్తగా అంటగట్టకూడదంది. కంపెనీలు విడివిడి యాప్‌లకు లైసెన్సు తీసుకోవచ్చని గూగుల్ 2023 జనవరిలో ప్రకటించింది. అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించింది కానీ, కమిషన్ ఆదేశాల్లో కొన్నిటిని కొట్టేసింది. గూగుల్ వాదనలోనూ కొంత పస ఉందని నాకనిపిస్తుంది. ఒక్కో కంపెనీ ఒక్కోలా మార్చేస్తే, ఒక ఫోనులో పనిచేసే యాప్ ఇంకో ఫోనులో పనిచేయదు. అయితే ఆ సాకుతో సెర్చ్‌ను కూడా అంటగట్టాలా?

వేరే దారులు లేకపోలేదు. 2017లో వచ్చిన జియోఫోన్‌లో ఆండ్రాయిడ్ లేదు, కాయ్ఓఎస్ ఉంది. కానీ అందులో వాట్సాప్ రావడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంట్లో ఫోను అడిగి తీసుకుని సెట్టింగ్స్‌లో ఫోను వివరాలు తెరవండి. సెక్యూరిటీ అప్‌డేట్ అని ఒక తేదీ కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో దొంగలు దూరే కంతలను గూగుల్ పూడ్చినా, ఆ మరమ్మతును మీ ఫోనుకు తగ్గట్టు సరిచేసి పంపాల్సింది ఎక్కువగా వెనక పేరున్న కంపెనీయే. ఆ తేదీ రెండేళ్ల కిందటిదైతే, ఆ ఫోనులోంచి బ్యాంకు డబ్బులు పంపవద్దని ఇంట్లో చెప్పండి.