యుద్ధం దాటి వచ్చినవారికి సేవ చేసే ముందు

ఈ సంచికకు ఆరోగ్యం గురించి ఏదైనా రాయమని సంపాదకులు అడిగారు. పండుగ రోజున నేను చేసిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను.

2022 దీపావళికి, యుక్రెయిన్ నుంచి బ్రిటన్ వచ్చి మా ఊళ్లో ఉంటున్న ఒక తల్లిని, ఆమె తొమ్మిదేళ్ల కొడుకును మన పండుగ చూడటానికి పిలిచాను. వాళ్లది ఖార్కివ్ నగరం. నేను వైద్యం చదివింది అక్కడే. ఆరేళ్లు ఆ ఊరి ఉప్పు తిన్న ఋణం కొంతైనా తీరుతుందనుకున్నాను. పూజ అయింది, పులిహోర తిన్నారు, లడ్డూ తిన్నారు. అంతలో బయట మొదటి టపాసు పేలింది. చూసేసరికి పిల్లవాడు చెవులు మూసుకుని బల్ల కింద ఉన్నాడు. తల్లి కేకలు వేయలేదు, బ్రతిమాలలేదు. తానూ బల్ల కిందికి దూరి, వాడి వీపు మీద చెయ్యి వేసి, నెమ్మదిగా అంకెలు లెక్కపెట్టింది. అది ఆమెకు అలవాటైన పనిలా ఉంది.

2022 ఫిబ్రవరి 24న దాడి మొదలయ్యాక ఖార్కివ్ ప్రజలు ఎంతోమంది మెట్రో స్టేషన్లలో తలదాచుకున్నారు. ఇది నాకు తెలుసు. పైగా వైద్యుడిని. అయినా ముందుగా తోచలేదు. ఆమెను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అప్పటినుంచి నేర్చుకున్నవి కొన్ని మీతో పంచుకుంటాను.

ఇది మనకు దూరపు విషయం కాదు

ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి యుద్ధాల వల్ల, హింస వల్ల ఇల్లు విడిచినవారు 12.32 కోట్లమంది. వారిలో 7.35 కోట్లమంది సొంత దేశంలోనే చెల్లాచెదురయ్యారు. 2022లో యుక్రెయిన్‌లో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు కూడా ప్రాణాలు అరచేత పట్టుకుని సరిహద్దులకు నడిచారు. ఆపరేషన్ గంగ ద్వారా భారతీయులు సుమారు 22,500 మంది ఇల్లు చేరారు. పోలండ్, రుమేనియా సరిహద్దుల్లో ముక్కూ మొహం తెలియనివారు మన పిల్లలకు వేడి సూపు, దుప్పట్లు ఇచ్చారు.

1. ముందు అడగండి

సహాయం ఏదైనా అడిగి చేయండి. భాష కూడా అంతే. ఖార్కివ్‌లో రోగులతో మాట్లాడటానికి నేను రష్యన్ నేర్చుకున్నాను. ఆ ఊళ్లో ఎక్కువమంది అదే మాట్లాడేవారు. యుద్ధం తరువాత చాలామందికి ఆ భాష నోట పలకడమే కష్టమైంది. అందుకని ఇప్పుడు నేను మొదట అడిగేది, "ఏ భాషలో మాట్లాడమంటారు?" అని.

2. జరిగింది చెప్పమని అడగవద్దు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో, ఆపదలో ఉన్నవారికి మానసిక ప్రథమ చికిత్స గురించి ఒక మార్గదర్శిని ప్రచురించింది. అందులో పద్ధతి మూడు మాటలు: చూడటం, వినడం, తగిన సహాయంతో కలపడం. వారు చెబితే వినాలి, చెప్పకపోతే తవ్వకూడదు. "ఏం జరిగింది?" అనే ప్రశ్న కంటే "ఇప్పుడు ఏం కావాలి?" అనే ప్రశ్న మేలు. నెలల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లేలా చూడాలి.

3. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి

ఇంగ్లండ్‌లో జీపీ దగ్గర పేరు నమోదుకు చిరునామా రుజువుగానీ, వీసా పత్రంగానీ తప్పనిసరి కాదు. ఇది తెలియక వెనక్కి తిరిగేవారున్నారు. దుభాషీని ముందుగానే అడగండి. దానికి రోగి డబ్బు కట్టనక్కరలేదు. పిల్లల చేత అనువాదం చేయించవద్దు. తల్లి బాధలన్నీ తొమ్మిదేళ్లవాడి నోటితో చెప్పించడం ఇద్దరికీ శిక్షే. వాడే మందుల డబ్బాలు, పిల్లల టీకాల కాగితాలు వెంట తీసుకెళ్లండి. బ్రాండు పేర్లు దేశానికొకటి. మందు అసలు పేరు చూస్తేనే డాక్టరుకు తెలుస్తుంది.

4. తనిఖీలకు కోపం తెచ్చుకోవద్దు

శరణార్థులతో పనిచేసే సంస్థలు మనల్ని డీబీఎస్ తనిఖీకి పంపిస్తే "మా మీద అనుమానమా?" అని కొందరు నొచ్చుకుంటారు. విరాటుని కొలువును తలచుకోండి. ఆశ్రయం దొరికిన ఇంట్లోనే ద్రౌపదికి కీచకుడి బాధ తప్పలేదు. ఇల్లు లేనివారు ఎదురు చెప్పలేరు. ఆ తనిఖీ వారి రక్షణ కోసం.

5. చేతనైన పని దొరికేలా చూడండి

అదే విరాటరాజు చేసిన మంచి ఒకటి ఉంది. వచ్చినవారికి ఏ పని చేతనవునో అడిగి, వంట చేయగలవాడికి వంట, గుర్రాలు తెలిసినవాడికి గుర్రాలు అప్పగించాడు. మన దగ్గరికి వచ్చేవారిలో టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు ఉంటారు. వారి సర్టిఫికెట్లకు ఇక్కడ గుర్తింపు తెచ్చుకునే దారి చూపడం, దరఖాస్తు నింపడంలో సాయపడటం పాత బట్టల మూటకంటే ఎక్కువ పనికొస్తుంది. పరదేశపు డిగ్రీతో ఇక్కడికి వచ్చి పరీక్షలు రాసిన నాకు ఆ దారి ఎంత పొడవో తెలుసు.

6. కొద్దిగా, కానీ చాలాకాలం

2022 మార్చిలో "హోమ్స్ ఫర్ యుక్రెయిన్" పథకం మొదలైనప్పుడు, ఇంట్లో చోటిచ్చేవారు కనీసం ఆరు నెలలు ఇవ్వాలన్నారు. మొదట్లో మా ఊళ్లో సహాయానికి జనం బారులు తీరారు. ఏడాది తిరిగేసరికి వేళ్లమీద లెక్కపెట్టే అంతమంది మిగిలారు. అద్దె ఇల్లు వెతకడం, బడి ఫారాలు, ఉద్యోగం వంటి అసలు కష్టాలు అప్పుడే మొదలవుతాయి. ఒక్కరోజు ఎనిమిది గంటలు చేయడం కంటే వారానికి ఒక గంట చొప్పున ఏడాదిపాటు చేయడం మంచిది.

ఈ దీపావళికి ఒక విన్నపం

టపాసులు మానమని నేను అనడం లేదు. అవి కాల్చే వేళ ముందుగా నిర్ణయించి, ఆహ్వానపత్రంలో వేద్దాం. వారం ముందు చుట్టుపక్కల ఇళ్లకు కాగితం పంచుదాం. దీపాలు, భోజనం ముందు, చప్పుడు తరువాత. యుద్ధం చూసినవారికే కాదు, పసిపిల్లలకు, వృద్ధులకు కూడా ఇది ఉపకారమే.

2023లో ఆమెను ముందుగా అడిగాను. "దీపాలకు వస్తాం, ఏడింటికల్లా వెళ్లిపోతాం" అంది. ఇద్దరూ వచ్చారు. పిల్లవాడు మా అమ్మాయి పక్కన కూర్చుని వరుసగా ప్రమిదలు వెలిగించాడు. ఏడు కావడానికి పది నిమిషాల ముందు వాడే గడియారం చూసి, కోటు తెచ్చుకున్నాడు. గేటు దాకా నేను తోడు వెళ్లాను.

వారానికి ఒక గంట ఇవ్వగలవారు పండుగ రోజున కార్యవర్గ సభ్యులకు పేరు ఇవ్వండి. నేను కూడా అక్కడే ఉంటాను.